ఎడ్జ్‌వర్త్ దొర కౌలు పుస్తకం

రిచర్డ్ లవెల్ ఎడ్జ్‌వర్త్ గురించి ఎవరు రాసినా నలుగురు భార్యలతో, ఇరవైరెండు మంది పిల్లలతో మొదలుపెడతారు. తర్వాత తత్వవేత్త రూసో చెప్పిన పద్ధతిలో పెంచబోయి చెడగొట్టుకున్న పెద్దకొడుకు కథ వస్తుంది. ఆ పైన గుర్రప్పందాల ఫలితం తొందరగా తెలుసుకోవాలని మొదలుపెట్టిన టెలిగ్రాఫు, చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్‌తో స్నేహం. అన్నీ నిజాలే, చదవడానికి సరదాగానూ ఉంటాయి. కానీ 1744లో పుట్టి 1817లో పోయిన ఈ ఐరిష్ భూస్వామి ఏమిటో తెలియాలంటే చూడాల్సింది ఆయన కౌలు పుస్తకం అని నా వాదన. పార్లమెంటులో ఆయన వేసిన విచిత్రమైన ఓటు కూడా ఆ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే అంత విచిత్రంగా కనిపించదు.

ముందు ఆ ఊరు. ఐర్లండు నడిబొడ్డున లాంగ్‌ఫర్డ్ కౌంటీలో ఎడ్జ్‌వర్త్స్‌టౌన్. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చిన కుటుంబం. 1619లో, మొదటి జేమ్స్ రాజు స్థానికుల భూములు లాక్కుని తనవాళ్లకు పంచిన రోజుల్లో, ఈ భూమి వీళ్ల చేతికొచ్చింది. ఊరికి ఇంటిపేరే పెట్టుకున్నారు. ఆంగ్లో ఐరిష్ అంటే వీళ్లే. ప్రొటెస్టెంట్లు, భూమికి హక్కుదార్లు, పార్లమెంటులో కూర్చునేవాళ్లు. భూమి దున్నేవాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. ఎడ్జ్‌వర్త్ ఎంత మంచి దొర అని చెప్పుకునేటప్పుడు ఈ 1619ని పక్కకు నెట్టేయడం మర్యాద కాదు.

1782లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఇంగ్లండు కాపురం ఎత్తేసి ఆయన ఐర్లండుకు వచ్చి స్థిరపడ్డాడు. వచ్చేసరికి ఎస్టేటు ఎలా ఉందో అర్థం కావాలంటే అక్కడి కౌలు ఎలా నడిచేదో తెలియాలి. కొలతలతోనే తికమక మొదలవుతుంది. ఐరిష్ ఎకరం 7,840 చదరపు గజాలు. ఇంగ్లండు ఎకరం, అంటే ఇవాళ మనం వాడేది, 4,840. అంటే అక్కడి వంద ఎకరాలు మన లెక్కలో 162. ఆ కాలపు కౌలు రేట్లు చూసి ఎకరానికి ఇంత పిండారా అని ముక్కున వేలేసుకునే ముందు ఏ ఎకరమో చూసుకోవాలి. డబ్బూ అంతే. పౌనుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. కానీ ఇంగ్లీషు షిల్లింగు ఒకటి ఐర్లండులో 13 పెన్నీలకు చెల్లేది. వంద ఇంగ్లీషు పౌన్లకు నూట ఎనిమిది ఐరిష్ పౌన్లు, ఆరు షిల్లింగులు, ఎనిమిది పెన్నీలు. లండన్‌లో కూర్చుని ఐర్లండు కౌలు తినే దొరకు డబ్బు సముద్రం దాటేసరికే నూటికి దాదాపు ఎనిమిది వంతులు తరిగిపోయేది. ఆ తరుగు చివరికి ఎవరి నెత్తిన పడేదో చెప్పనక్కర్లేదు.

కౌలు ఏడాదికి రెండు కిస్తులు. వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. మార్చి 25, సెప్టెంబరు 29 ఒక వాడుక, మే 1, నవంబరు 1 ఇంకో వాడుక. ఒక్కో కిస్తును గేల్ అనేవారు. చాలాచోట్ల ఒక గేల్ ఎప్పుడూ వెనకబడే ఉండేది. కొత్త కౌలుదారు భూమిలో దిగిన ఆరు నెలలకు కట్టాల్సింది పన్నెండో నెలలో కట్టేవాడు. దాన్ని హ్యాంగింగ్ గేల్ అన్నారు, వేలాడే కిస్తు అనుకోండి. ఈ వేలాడే కిస్తును గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

దొరకూ దున్నేవాడికీ మధ్య ఉండేవాళ్లు మిడిల్‌మెన్. మన జిల్లాల్లో ఇజారాదార్లను, మారుకౌళ్లను చూసిన కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. దొర 300 ఐరిష్ ఎకరాలను ఎకరం 8 షిల్లింగులకు ఒక పెద్దమనిషికి దీర్ఘకాలం ఇచ్చాడు. దొరకు వచ్చేది 120 పౌన్లు. ఆ పెద్దమనిషి దాన్ని ముగ్గురికి 14 షిల్లింగుల చొప్పున మారుకౌలుకిస్తే 210 వచ్చింది. ఆ ముగ్గురూ పదేసి ఎకరాల చెక్కలు చేసి 22 షిల్లింగులకిస్తే 330. దున్నేవాడు కట్టిన 22 షిల్లింగుల్లో నేల సొంతదారుకు చేరింది ఎనిమిదే. మిగతా పద్నాలుగూ మట్టి అంటని చేతుల్లో ఆగిపోయింది.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. కౌలు బాకీ పడితే దొర ఆ నేల మీద కనబడ్డ పశువులను, ధాన్యాన్ని జప్తు చేయొచ్చు, అవి ఎవరివైనా సరే. డ్రైవర్ అనే ఉద్యోగి పని అదే. బాకీవాడి పశువులను తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టడం, గడువులో డబ్బు రాకపోతే వేలం వేయడం. చిన్నరైతు తన పైవాడికి పైసాతో సహా కట్టేసి రసీదు దాచుకున్నా, ఆ పైవాడు దొరకు ఎగ్గొడితే, పోయేది చిన్నరైతు ఆవే. ఒకే కౌలు రెండుసార్లు కట్టడమన్నమాట. ఐరిష్ రైతు సోమరి అని, భూమిని బాగుచేయడని ఆ రోజుల్లో ఇంగ్లీషు ప్రయాణికులు పేజీలకు పేజీలు రాశారు. రేపు బందెలదొడ్డికి పోయే ఆవుకు ఎవడు కొట్టం కడతాడు?

దీనికి చట్టం కూడా చేయి కలిపింది. 1704 చట్టం ప్రకారం క్యాథలిక్కు 31 ఏళ్లకు మించి కౌలు పట్టకూడదు. పైగా కౌలు ఆ నేల ఏటా ఇచ్చే విలువలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. రైతు కష్టపడి మురుగు తీయించి, సున్నం చల్లి, దిగుబడి పెంచాడనుకోండి. అప్పుడు అతని మిగులు మూడో వంతు దాటుతుంది. దాటిందని ఒక ప్రొటెస్టెంటు కోర్టులో ఫిర్యాదు చేస్తే ఆ కౌలు ఫిర్యాదుదారు పరమయ్యేది. నేల బాగుచేసుకోవడం అంటే పోగొట్టుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవడమే. 1778లో ఈ కట్టు సడలింది, 999 ఏళ్ల కౌలుకు కూడా దారి తెరుచుకుంది. కానీ మూడు తరాల్లో పట్టిన అలవాటు ఒక చట్టంతో వదల్లేదు.

ఏళ్ల లెక్కన కాకుండా ప్రాణాల లెక్కన ఇచ్చే కౌలు ఇంకొకటుంది. పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు. ఆ ముగ్గురిలో చివరివాడు పోయేదాకా కౌలు నిలుస్తుంది. అందుకే గట్టి పిల్లల పేర్లు, ఒక్కోసారి రాజకుమారుల పేర్లు రాయించేవారు. రాజకుమారుడు చచ్చిపోతే ఊరందరికీ తెలుస్తుంది కదా, రుజువు వెతుక్కోనక్కర్లేదు. ఇది వింత ముచ్చటలా కనిపిస్తుంది కానీ దీని వెనక ఓటు ఉంది. ప్రాణాల మీది కౌలు చట్టం దృష్టిలో సొంత హక్కుతో సమానం. దానిలో ఏటా 40 షిల్లింగుల మిగులుంటే కౌంటీ ఎన్నికల్లో ఓటొస్తుంది. 1793లో క్యాథలిక్కులకూ ఆ ఓటు ఇచ్చాక, చాలామంది దొరలు నేలను చిన్నచిన్న చెక్కలు చేసి ఓటర్లను పండించారు. వాళ్లు ఓటెవరికి వేయాలో దొరే చెప్పేవాడు.

ఇప్పుడు ఎడ్జ్‌వర్త్ ఏం చేశాడో చూడండి. ఏజెంటును, డ్రైవరును పక్కనపెట్టి కౌలు తానే స్వయంగా పుచ్చుకున్నాడు. పద్దులు, ఉత్తరాల నకళ్లు రాసింది పద్నాలుగేళ్ల కూతురు మరియా. తర్వాతి కాలంలో నవలా రచయిత్రిగా యూరప్ అంతా పేరు తెచ్చుకున్న మరియా ఎడ్జ్‌వర్త్ ఆవిడే. కౌలుదార్ల గుట్టు, అబద్ధం, నవ్వు అన్నీ ఆమెకు ఆ బల్ల దగ్గరే పరిచయమయ్యాయి. పాత కౌలు పత్రాల్లో కోళ్లు, టర్కీ పిట్టలు, ఇన్ని రోజుల వెట్టి అని రాసుకునే మామూళ్లను తాను రాయించిన పత్రాల్లోంచి ఎడ్జ్‌వర్త్ తీసేశాడు. గడువు ముగిసిన నేలను ఎక్కువ పాడినవాడికి ఇచ్చే వేలంపాటకు ఒప్పుకోలేదు. మారుకౌలుకిస్తే జరిమానా అని చాలా పత్రాల్లో ఉండేది, ఎవరూ వసూలు చేసేవారు కాదు. ఈయన వసూలు చేశాడు. మధ్యవాడు పుట్టకుండా చూడటానికి అదొక్కటే దారి. క్యాథలిక్కా, ప్రొటెస్టెంటా అని చూడలేదు.

వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. చుట్టుపక్కల దొరలు ఆరు నెలల కిస్తును వేలాడనిస్తే, ఈయన ఏడాది కౌలు మొత్తం రైతు చేతిలోనే ఉండనిచ్చాడు. దీని విలువ రైతు కుటుంబంలో పెరిగినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కిస్తు తారీకు దగ్గరపడితే ఊరంతా ఒకే సంతలో పందులు, ఓట్స్ ధాన్యం, వెన్న అమ్ముతుంది, ధర పడుతుంది. లేదా వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కాలి. ఏడాది వెసులుబాటు ఉన్నవాడు ధర చూసుకుని అమ్ముతాడు.

అలాగని ఎడ్జ్‌వర్త్ మెత్తటి మనిషి కాదు. యంత్రాల మనిషి, రాపిడి ఎక్కడుంటే అక్కడ శక్తి వృథా అవుతుందని తెలిసినవాడు. బండికి స్ప్రింగులు పెడితే ప్రయాణికుడికి సుఖమే కాదు, గుర్రానికి లాగే బరువు కూడా తగ్గుతుందని ప్రయోగాలు చేసి చూపించాడు. రోడ్డు మీద పగలగొట్టిన చిన్న రాళ్లు పరిచి, సందుల్లో సన్న కంకర, గరుకు ఇసుక నింపాలన్నాడు. రాళ్ల మధ్య ఖాళీ ఉంటే చక్రం కింద రాయి దొర్లుతుంది, నీళ్లు దిగుతాయి, రోడ్డు కింది నుంచి చెడుతుంది. కౌలులో మధ్యవాడిని చూసిన కన్నూ ఇదే అని నాకనిపిస్తుంది. దయకన్నా ఇంజనీరు చిరాకు ఎక్కువ. ఆయన్ని పుణ్యాత్ముణ్ణి చేసే రాతలు నాకు అందుకే నచ్చవు.

టెలిగ్రాఫు గురించి రెండు మాటలు, లేకపోతే ఆయన అభిమానులు ఊరుకోరు. ఎత్తైన గుట్టల మీద స్తంభాలు, వాటికి తిరిగే త్రికోణాలు. ఒక్కో త్రికోణం ఎనిమిది దిక్కుల్లో ఆగుతుంది, సున్నా నుంచి ఏడు దాకా అంకెలు. నాలుగు త్రికోణాలు కలిస్తే ఒక సంఖ్య. ఆ సంఖ్యకు పుస్తకంలో ఒక మాట. ఫ్రెంచివాళ్లు దిగుతారన్న భయం ముదిరాక 1804లో డబ్లిన్ నుంచి గాల్వేకి వరస కట్టించారు. పొగమంచు పడితే పని ఆగిపోయేది. భయం తగ్గగానే ప్రభుత్వం దాన్ని వదిలేసింది.

ఆ ఫ్రెంచివాళ్లు అంతకుముందే ఒకసారి నిజంగా దిగారు. 1798 ఆగస్టులో జనరల్ అంబేర్ సేన పడమటి తీరాన కిలాలాలో దిగి, లోపలికి నడిచి, సెప్టెంబరు 8న లాంగ్‌ఫర్డ్ కౌంటీలోనే బాలినమక్ దగ్గర ఓడిపోయింది. ఎడ్జ్‌వర్త్ అప్పటికి ఒక స్థానిక దళాన్ని కూర్చాడు. అందులో క్యాథలిక్కులనూ చేర్చుకున్నాడు. కానీ వాళ్లకు తుపాకులు సమయానికి రాలేదు. ఫ్రెంచివాళ్లతో చేయి కలిపిన ఐరిష్ తిరుగుబాటుదార్లు వస్తున్నారని కుటుంబమంతా ఇల్లు వదిలి లాంగ్‌ఫర్డ్ పట్నానికి పోయింది. అక్కడ ఆయన మీద పడింది తిరుగుబాటుదార్లు కాదు, సొంత మతంవాళ్లే. కొవ్వొత్తి వెలుగులో పత్రిక చదువుతుంటే శత్రువుకు సైగలు చేస్తున్నాడని ఒక గుంపు చంపబోయింది. క్యాథలిక్కులను దళంలో చేర్చుకున్న దొర అంటే అప్పటికే అనుమానం.

ఇంటికి తిరిగొచ్చి చూస్తే ఒక్క వస్తువు పోలేదు. ఇల్లు దోచుకోవడానికి వచ్చిన గుంపును వాళ్లలోనే ఒకడు గుమ్మం దగ్గర ఆపేశాడు. అతని భార్య కష్టంలో ఉన్నప్పుడు, అవిసె వేసుకున్న చెక్కకు కౌలు కట్టడానికి, ఆ ఇంటి పనులు చూసే ఆవిడ పదహారు షిల్లింగులు అప్పిచ్చిందట. దొర మంచితనానికి రుజువుగా ఈ కథ చెప్తుంటారు. సరిగ్గా వినండి. అప్పిచ్చింది దొర కాదు, ఇంటి మనిషి. ఇచ్చింది కౌలు కట్టడానికే. ఆ కొంపను కాపాడింది పదహారు షిల్లింగుల కౌలు బాకీ తీర్చిన ఒక జీతగత్తె.

ఆ ఏడాదే ఆయన సెయింట్ జాన్స్‌టౌన్ నుంచి ఐరిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. సెయింట్ జాన్స్‌టౌన్ అంటే బాలినలీ అనే చిన్న ఊరు. మొత్తం 300 సీట్లలో కౌంటీలకు 64, డబ్లిన్ విశ్వవిద్యాలయానికి 2, మిగతా 234 సీట్లు 117 బరోలవి, అంటే పార్లమెంటుకు సొంతంగా సభ్యులను పంపే ఊళ్లవి. బరోల్లో చాలావాటికి ఎవరో ఒక ప్రభువు యజమాని. ఎవరిని కూర్చోబెట్టాలో ఆయనిష్టం. పార్లమెంటును బాగుచేయాలని 1783లో డబ్లిన్‌లో జరిగిన వాలంటీర్ల, అంటే స్వచ్ఛంద సాయుధ దళాల, మహాసభకు ప్రతినిధిగా వెళ్లిన ఎడ్జ్‌వర్త్, పదిహేనేళ్లకు అలాంటి జేబు బరో నుంచే సభలో అడుగుపెట్టాడు. ఆయన పక్షాన ఎంత మాట్లాడినా ఈ మచ్చ చెరగదు.

సభ ముందున్నది ఒకే సమస్య. ఐరిష్ పార్లమెంటును రద్దుచేసి బ్రిటన్‌లో కలిపేయాలా? 1799 జనవరిలో ప్రభుత్వం 106 ఓట్లతో ఓడింది, ఎదుటిపక్షానికి 111. ఏడాది తిరిగి 1800 ఫిబ్రవరి వచ్చేసరికి 158కి 115తో గెలిచింది. మధ్యలో ఏం జరిగిందో దాచుకోలేదు. పదవులు, పెన్షన్లు, ప్రభువు బిరుదులు పంచారు. రద్దయ్యే బరో ఒక్కోదానికి యజమానికి 15,000 పౌన్ల పరిహారం అన్నారు. 84 బరోలకు మొత్తం 12,60,000 పౌన్లు. ఆ సొమ్ము ఐర్లండు అప్పుకే జమకట్టారు. ఇదంతా చక్కబెట్టిన వైస్రాయి ఎవరనుకున్నారు? కార్న్‌వాలిస్. 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు ఒప్పందం తెచ్చినవాడు. అదే ఒప్పందం 1802 నుంచి ఉత్తర సర్కారులకూ వచ్చి, మన జిల్లాల్లో జమీందార్లను భూస్వాములుగా ఖాయం చేసింది, సర్కారు సొంత భూములను ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కట్టి వేలం వేయించింది. ఈ అవినీతిపరులతో బేరాలాడే మురికి పనికి ఒప్పుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేస్తోందని కార్న్‌వాలిస్ 1799లో ఉత్తరం రాశాడు. అసహ్యించుకుంటూనే పని పూర్తిచేశాడు.

ఎడ్జ్‌వర్త్ సిద్ధాంతంగా విలీనానికి అనుకూలం. వర్తకం పెరుగుతుందని, రెండు దేశాలకూ మంచిదని నమ్మాడు. సభలో అలాగే మాట్లాడాడు. ఓటు మాత్రం వ్యతిరేకంగా వేశాడు. సమావేశాల్లో మిగిలిన కొన్ని వారాలకు తన సీటు వదులుకుంటే 3,000 గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు) ఇస్తామన్నారని డార్విన్‌కు రాశాడు. దేశంలో ఎక్కువమందికి ఇష్టం లేనిదాన్ని, వాళ్ల డబ్బుతోనే కొని, వాళ్ల గొంతులో దించుతున్నారని ఆయన అభ్యంతరం. మాట ఒకవైపు, ఓటు ఇంకోవైపు, ఇదేం నిలకడ అని అప్పుడూ వెక్కిరించారు, ఇప్పుడూ వెక్కిరిస్తారు. నాకు మాత్రం ఇందులో తడబాటు కనబడదు. దున్నేవాడి చేత రెండుసార్లు కట్టించే మధ్యవాడిని పద్దెనిమిదేళ్లుగా తన ఎస్టేటులోంచి తరిమేసిన మనిషికి, ఓటు హక్కు లేని జనం మీద అప్పు రాసి ఆ సొమ్ము సీట్ల యజమానులకు పంచడం ఏమిటో తెలియదా? బరో యజమానికి ఇచ్చిన 15,000 పౌన్లు మిడిల్‌మ్యాన్ పద్నాలుగు షిల్లింగులకు పెద్దన్నయ్య.

ఇంతదాకా ఆయన పక్షం. ఇక్కడి నుంచి నా సందేహం.

ఏడాది కౌలును రైతు చేతిలో వదలాలంటే దొరకు అప్పులుండకూడదు. ఒక ఏడాది ఆదాయం వడ్డీ లేకుండా ఊళ్లో తిరుగుతుంటే తట్టుకోగలగాలి. ఎడ్జ్‌వర్త్ ఊళ్లోనే ఉన్నాడు, లెక్క తానే చూసుకున్నాడు, కాబట్టి సాగింది. కానీ ఈ వెసులుబాటు ఏ పత్రంలోనూ లేదు. చట్టం లెక్కలో ఆ ఏడాది కౌలు బాకీయే. ఏ ఉదయమైనా అడగొచ్చు, కట్టకపోతే డ్రైవరును పంపొచ్చు. వేలంపాట పెట్టకపోవడం, మతం చూడకపోవడం, మామూళ్లు తీసేయడంలో మొదటి రెండూ దొర స్వభావం మీద ఆధారపడ్డవే. మామూళ్లొక్కటే కాగితం మీద పోయింది. తన యంత్రాల్లో ఏ భాగమూ నడిపేవాడి మంచితనం మీద ఆధారపడకూడదని చూసుకునే ఇంజనీరు, ఎస్టేటులో మాత్రం అన్నీ తన మీదే ఆధారపడేట్టు కట్టాడు.

1817లో ఆయన పోయాడు. ఎస్టేటు కొడుకు లవెల్‌కు వచ్చింది, వెంటే అప్పులూ వచ్చాయి. 1826లో యాభై ఎనిమిదేళ్ల మరియా మళ్లీ పద్దు పుస్తకం ముందు కూర్చోవాల్సొచ్చింది. ఆమె గట్టిగా నడిపింది, అప్పులు తీర్చుకుంటూ వచ్చింది. ఈలోగా ఊరు మారింది. 1829లో క్యాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. దొర చెప్పినవాడికే ఓటేసే రోజులు పోతున్నాయి. 1835 ఎన్నికల్లో ఎడ్జ్‌వర్త్స్‌టౌన్ కౌలుదార్లు దొరల కుటుంబానికి ఇష్టంలేని వైపు ఓటేశారు. అప్పుడు ఆ ఇంట్లో ఒక చర్చ లేచింది. ఎదురు ఓటేసినవాళ్ల దగ్గర వేలాడే కిస్తును ఇప్పుడు కట్టమని అడగాలా, వద్దా?